అక్షరదోషం, అన్వేషణ : కీవర్డ్ మెటా ట్యాగు చరిత్ర – ఒక పరిశీలన

ప్రస్తావన

ఒక రచనను వెతికే పాఠకుడు అందులోని మాటను రచయిత రాసినట్లే రాస్తాడని చెప్పలేం. విన్న మాటను చెవికి తోచినట్లు రాసేవారున్నారు. పాత వర్ణక్రమాన్ని విడవనివారున్నారు. తొందరలో ఒక అక్షరాన్ని జారవిడిచేవారున్నారు. రాసినవారి అక్షరానికీ వెతికేవారి అక్షరానికీ నడుమ ఏర్పడే ఈ ఎడాన్ని పూడ్చవలసిన బాధ్యత ఎవరిది? రచయితదా, సూచికను కూర్చినవారిదా, పాఠకునిదా, యంత్రానిదా? లిఖిత సంప్రదాయం ఉన్న ప్రతి భాషలోనూ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తలెత్తింది. అయితే అది సామాన్య పాఠకుని నిత్యానుభవంగా మారింది అంతర్జాలం వచ్చిన తరువాతనే.

1990ల చివరి భాగంలో ఈ ప్రశ్నకు దొరికిన సమాధానాల్లో ఒకటి కీవర్డ్ మెటా ట్యాగు. వెబ్ పుటలో పాఠకునికి కనిపించని శీర్షభాగంలో, ఆ పుట విషయాన్ని తెలిపే పదాలను పుట కర్తే రాసిపెట్టే పద్ధతి ఇది. ఆ జాబితాలో సరైన పదాలతో పాటు జనం తరచుగా తప్పు రాసే రూపాలను కూడా చేర్చమని నాటి వెబ్ నిర్మాణ మార్గదర్శకాలు సలహా ఇచ్చేవి. పుటలో కనిపించే పాఠాన్ని దోషభూయిష్ఠం చేయకుండా, దోషంతో వెతికేవారికి కూడా తోవ చూపడం దీని ప్రయోజనం. ఈ చిన్న సాధనం ఎలా పుట్టి, ఎందుకు విశ్వాసం కోల్పోయి, దాని పనిని ఎవరికి అప్పగించి వెళ్లిందో పరిశీలించడం, ఆ చరిత్ర తెలుగు వంటి భాషకు ఏం చెబుతున్నదో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కంప్యూటరుకు పూర్వం

ఒకే మాటకు ఒకటికంటె ఎక్కువ రూపాలుంటాయన్న స్పృహ భారతీయ కోశకారులకు చాలా పూర్వం నుండే ఉంది. సంస్కృతంలో ద్విరూపకోశం అనే ప్రత్యేక శాఖే ఏర్పడింది. రెండు వర్ణక్రమాలు గల శబ్దాలను జంటలుగా కూర్చి చూపడం ఆ కోశాల పని. త్రికాండశేష కర్తగా ప్రసిద్ధుడైన పురుషోత్తమదేవుని పేరిట ఒక ద్విరూపకోశం, వర్ణభ్రాంతిని చర్చించే వర్ణదేశన కూడా ప్రచారంలో ఉన్నాయి. తెలుగులో సాధురేఫ శకటరేఫల భేదం, అర్ధానుస్వారం ఉన్న పదాలు, లేని పదాలు లాక్షణికులను శతాబ్దాల పాటు ఆలోచింపజేశాయి. 17వ శతాబ్ది మధ్యభాగానికి చెందిన అప్పకవీయంలో రేఫ శకటరేఫల నిర్ణయానికి లభించిన ప్రాధాన్యం ఇందుకు నిదర్శనం. ఉచ్చారణలో భేదం చెరిగిపోయినా లిపిలో భేదం నిలిచి ఉన్నప్పుడు, ఏ మాటకు ఏ అక్షరమో చెప్పే జాబితా అవసరమవుతుంది. 

ఆధునిక నిఘంటువుల్లో ఈ పనిని చూడు, రూపాంతరము అనే సూచనలు నిర్వహించాయి. ఒక రూపం దగ్గర అర్థవివరణ ఇచ్చి, తక్కిన రూపాల దగ్గర ఆ మూలరూపాన్ని చూడమని నిర్దేశించడం 1852 నాటి బ్రౌను నిఘంటువు నుండి 1936లో తొలి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు వరకు పరిచితమైన విషయమే. గ్రంథాలయాల్లో కార్డుల సూచికలు కూడా ఇదే మార్గాన నడిచాయి. 1876లో చార్లెస్ కట్టర్ ప్రచురించిన సూచికా నియమాల్లో, పాఠకుడు వెతకగల ఇతర రూపాల నుండి అంగీకృత రూపానికి పంపే నిర్దేశాలకు స్పష్టమైన స్థానం ఉంది. ఈ పద్ధతులన్నిటిలో ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. పాఠకుడు ఎక్కడ తప్పిపోగలడో సూచికాకర్త ముందే ఊహించి, ఆ చోట ఒక చేతిపలకను నిలుపుతాడు. ఆ ఊహకు ఆధారం అతని పాండిత్యం, అనుభవం.

చేతిపలకలు నిలపడం సాధ్యం కానంత పెద్ద జాబితాలు ఎదురైనప్పుడు మరొక మార్గం అవసరమైంది. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంటు పొందిన సౌండెక్స్ పద్ధతి ఆ అవసరం నుండి పుట్టింది. ఇంటిపేరును అక్షరాలను బట్టి కాక ధ్వనిని బట్టి వర్గీకరించడం దీని సూత్రం. ప్రచారంలోకి వచ్చిన రూపంలో, పేరులోని మొదటి అక్షరాన్ని యథాతథంగా ఉంచి, తరువాతి అచ్చులను తొలగించి, హల్లులను ఆరు వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి ఒక్కో అంకె కేటాయించారు. స్మిత్ అనే పేరును ఐ అక్షరంతో రాసినా, వై అక్షరంతో రాసినా ఎస్–530 అనే ఒకే సంకేతం వస్తుంది. 1930లలో అమెరికా ప్రభుత్వం సామాజిక భద్రతా పథకం కోసం వృద్ధుల వయస్సును నిర్ధారించవలసి వచ్చినప్పుడు, పాత జనగణన పత్రాలకు ఈ పద్ధతిలో సూచికలు కట్టించింది. 1880 జనగణనకు కట్టిన సూచికలో పదేళ్లూ అంతకు లోపు వయస్సు గల పిల్లలున్న కుటుంబాలను మాత్రమే చేర్చడానికి కారణం ఇదే. గణకుడు ఇంటిపేరును ఎలా రాసుకొన్నా, ఆ పిల్లవాడు వృద్ధుడై వచ్చి తన వయస్సు రుజువు అడిగినప్పుడు ఆ పత్రం దొరకాలి. ఒక అక్షరదోషం మనిషి పింఛనుకు అడ్డుపడగలదన్న వాస్తవాన్ని ఈ సూచిక గుర్తించింది.

సౌండెక్స్ ఆంగ్ల వర్ణక్రమానికి అనుగుణంగా రూపొందిన పద్ధతి. తెలుగు పేర్లను రోమన్ లిపిలో రాసి దీనికి లోబరిస్తే రామ, రమ, రాణి, రేణు అనే నాలుగు పేర్లకూ ఆర్–500 అనే సంకేతమే వస్తుంది. అచ్చుల హ్రస్వదీర్ఘ భేదం, దంత్య మూర్ధన్య భేదం అర్థభేదకాలుగా ఉన్న భాషలో ఈ పద్ధతి దోషాన్ని మన్నించే తొందరలో పదాన్నే చెరిపివేస్తుంది. దోషాన్ని సహించే ప్రతి పద్ధతిలోనూ ఏ భేదాలు ముఖ్యం, ఏవి కావు అనే ఒక భాషాశాస్త్ర నిర్ణయం దాగి ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది.

మెటా ట్యాగు ఆవిర్భావం

వెబ్ పుటలను రాసే హెచ్‌టీఎంఎల్ భాషకు 1995 నవంబరులో రెండవ ప్రమాణ పత్రం వెలువడింది. అందులో మెటా అనే మూలకం ఉంది. పుటలోని విషయం కాక, పుటను గురించిన విషయాన్ని చెప్పడానికి ఉద్దేశించిన స్థానం అది. అదే సంవత్సరం మార్చిలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్ నగరంలో గ్రంథాలయ నిపుణులు, కంప్యూటరు నిపుణులు సమావేశమై, అంతర్జాల వనరులకు సూచికా వివరాలను అమర్చే పద్ధతికి పునాది వేశారు. తరువాతి కాలంలో 15 అంశాలతో స్థిరపడిన డబ్లిన్ కోర్ ప్రణాళిక దాని ఫలితం. గ్రంథాలయ కార్డుకు గల స్థానం వెబ్ పుటలో మెటా ట్యాగుకు దక్కుతుందని ఆ కాలంలో ఆశించారు.

ఆ ఆశకు బలం ఇచ్చినవి సెర్చ్ ఇంజన్లు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ 1995 డిసెంబరులో ప్రారంభించిన ఆల్టావిస్టా, దానికి సమకాలికమైన ఇన్ఫోసీక్ 1996లో కీవర్డ్ మెటా ట్యాగును పరిగణనలోకి తీసుకోవడం ప్రారంభించాయి. నాటి సెర్చ్ ఇంజన్లు ప్రధానంగా అక్షరాల పోలిక మీదనే ఆధారపడేవి. వెతికినవారు ఒక అక్షరం మార్చి రాస్తే, ఆ రూపం ఉన్న పుటలే దొరికేవి. సరైన రూపంతో రాసిన పుటలు దొరికేవి కావు. అందువల్ల తప్పు రూపాన్ని కూడా పుటలో ఎక్కడో ఒకచోట ఉంచవలసిన అవసరం ఏర్పడింది. కనిపించే పాఠంలో ఉంచితే రచయితకు అజ్ఞానం అంటగడతారు. కనిపించని మెటా ట్యాగులో ఉంచితే మర్యాదకు భంగం లేదు, ప్రయోజనానికి లోటు లేదు.

1997 డిసెంబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఆమోదించిన హెచ్‌టీఎంఎల్ 4.0 ప్రమాణం ఈ ట్యాగుకు ఇచ్చిన ఉదాహరణ గమనింపదగినది. గ్రీసు దేశ విహారయాత్రకు సంబంధించిన పుటకు అమెరికా ఆంగ్లంలో వెకేషన్ అనీ, సామాన్య ఆంగ్లంలో హాలిడే అనీ, ఫ్రెంచిలో దానికి సమానమైన పదమనీ మూడు వేర్వేరు కీవర్డ్ జాబితాలను భాషాసూచకాలతో సహా చూపారు. ఒకే విషయాన్ని వేర్వేరు సమాజాలు వేర్వేరు మాటలతో వెతుకుతాయన్న గుర్తింపు ఆ ప్రమాణంలోనే ఉంది. ఆంగ్లంలోనే అట్లాంటిక్‌కు ఇరువైపులా వర్ణక్రమం వేరు. ఒకరికి ఒప్పు అయిన రూపం మరొకరికి తప్పు. కనుక తప్పు రూపాల జాబితా అన్న మాటలో తప్పు అనేది సాపేక్షమైన విశేషణమే.

ఏ తప్పులు చేర్చాలో పుట కర్తకు ఎలా తెలిసేది? ఇందుకు సహకరించిన సాధనం పేరులోనే ఒక అక్షరదోషం ఉండటం విశేషం. పాఠకుడు ఏ పుట నుండి ఇక్కడికి వచ్చాడో తెలిపే సూచనను 1996 మే నెలలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రం రెఫరర్ అనే పేరుతో నమోదు చేసింది. ఆ ఆంగ్లపదంలో రెండుసార్లు రావలసిన ఆర్ అక్షరం ఒకసారే వచ్చింది. దోషం గుర్తించేలోగా వాడుక స్థిరపడిపోయింది. సరిదిద్దితే యంత్రాల మధ్య సంభాషణ తెగిపోతుంది కనుక ఆ తప్పు రూపమే నేటికీ ప్రమాణం. సెర్చ్ ఇంజన్ నుండి వచ్చిన పాఠకుడు ఏ మాటతో వెతికాడో ఈ సూచన ద్వారా పుట కర్తకు చేరేది. అలా చేరిన మాటల్లోని తప్పు రూపాలను ఏరి, కీవర్డ్ జాబితాలో చేర్చేవారు. నిఘంటుకారుడు ప్రయోగాలను సేకరించి రూపాంతరాలను నమోదు చేసినట్లే, వెబ్ నిర్మాత పాఠకుల తప్పులను సేకరించి నమోదు చేశాడు.

వ్యాపారం, వివాదం

కార్డు సూచికకూ మెటా ట్యాగుకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. కార్డును రాసేవాడు గ్రంథాలయ ఉద్యోగి; అతనికి ఏ పుస్తకం ఎవరి కంటపడినా ఒకటే. మెటా ట్యాగును రాసేవాడు పుట యజమాని. తన పుటే అందరి కంటపడాలని అతని కోరిక. ఈ భేదమే కీవర్డ్ మెటా ట్యాగు పతనానికి బీజమైంది. పుటకు సంబంధం లేని ప్రసిద్ధ పదాలను చేర్చడం, ఒకే పదాన్ని పదుల సార్లు పునరుక్తం చేయడం, పోటీదారుల పేర్లను దాచిపెట్టడం వ్యాపించాయి. 2001లో కోరీ డాక్టరో రాసిన మెటాక్రాప్ అనే వ్యాసం ఈ పరిస్థితిని విశ్లేషించింది. మనుషులు తమ రచనల గురించి తామే ఇచ్చే వివరణలో అబద్ధం, సోమరితనం, అజ్ఞానం చోటుచేసుకోక తప్పదని ఆయన వాదన సారాంశం.

వివాదాలు న్యాయస్థానాలకు ఎక్కాయి. 1999లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం బ్రూక్‌ఫీల్డ్ కమ్యూనికేషన్స్, వెస్ట్ కోస్ట్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థల మధ్య ఇచ్చిన తీర్పు ఇందులో ప్రముఖమైనది. సినీ సమాచార సాఫ్ట్‌వేర్‌కు బ్రూక్‌ఫీల్డ్ సంస్థ పెట్టుకొన్న మూవీబఫ్ అనే వాణిజ్యనామాన్ని ప్రత్యర్థి తన మెటా ట్యాగుల్లో వాడుకోవచ్చునా అన్నది ఒక విచారణాంశం. ఒకరి దుకాణం పేరుతో దారిలో తప్పుడు బోర్డు నిలిపి, బాటసారులను తన దుకాణానికి మళ్లించుకోవడంతో న్యాయస్థానం దీన్ని పోల్చింది. దుకాణంలోకి వచ్చిన తరువాత బాటసారికి సంగతి తెలిసినా, మొదటి ఆకర్షణ అన్యాయంగా సంపాదించినదే అని నిర్ణయించింది. అయితే మూవీ, బఫ్ అనే రెండు మాటలను విడివిడిగా రాస్తే అది సినీప్రియుడు అనే అర్థంలో సామాన్య పదమనీ, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చుననీ చెప్పింది. కలిపి రాస్తే ఒకరి సొత్తు, విడదీస్తే అందరి సొత్తు. పదాల మధ్య ఒక ఖాళీ చోటు న్యాయనిర్ణయానికి కీలకమైంది. సంధి విషయంలో విస్తృత చర్చ చేసిన తెలుగు వ్యాకర్తలకు ఆశ్చర్యం కలిగించని విషయమే ఇది.

ఇదే కాలంలో తప్పు రూపాల విలువను మరొక వర్గం గుర్తించింది. ప్రసిద్ధ వెబ్‌సైట్ల పేర్లలో ఒక అక్షరం మార్చి, ఆ పేర్లను సొంతం చేసుకొని, దారితప్పి వచ్చినవారికి ప్రకటనలు చూపి డబ్బు సంపాదించేవారు బయలుదేరారు. 1999లో అమెరికా చేసిన చట్టం ఇటువంటి నామాపహరణను నిషేధించింది. జోకార్టూన్ అనే సైటు పేరును జోకార్టన్ వంటి రూపాలుగా మార్చి నమోదు చేసిన వ్యవహారంలో మూడవ సర్క్యూట్ న్యాయస్థానం 2001లో ఆ చట్టం అక్షరదోష రూపాలకు కూడా వర్తిస్తుందని తీర్పు చెప్పింది. పాఠకుని పొరపాటును సాయానికి వాడుకోవడం, దోపిడికి వాడుకోవడం అనే రెండు మార్గాలు పక్కపక్కనే ఉన్నాయని ఈ ఘట్టం చూపుతుంది. సాంకేతికంగా రెండింటిలో జరిగే పని ఒకటే. భేదం ఉద్దేశంలో ఉంది. ఉద్దేశాన్ని చదవలేని యంత్రం రెండింటినీ ఒకే దృష్టితో చూడక తప్పలేదు.

బాధ్యత చేతులు మారడం

మోసానికి తావిచ్చే సాధనాన్ని సెర్చ్ ఇంజన్లు క్రమంగా వదిలివేశాయి. ఆల్టావిస్టా 2002లో కీవర్డ్ మెటా ట్యాగుకు ఇచ్చే గుర్తింపును ఉపసంహరించుకొంది. పుటల మధ్య గల లంకెలను ప్రమాణంగా తీసుకొని ఎదిగిన గూగుల్, వెబ్ ఫలితాల క్రమాన్ని నిర్ణయించడంలో తాము ఈ ట్యాగును వాడటం లేదని 2009 సెప్టెంబరులో అధికారికంగా ప్రకటించింది. ఒకటి పక్కన నూరు సున్నాలు గల గూగోల్ అనే సంఖ్యానామం వర్ణక్రమం మారి ఆ సంస్థ పేరుగా నిలవడం ఈ చరిత్రలో ఒక చమత్కారం.

మెటా ట్యాగు నిష్క్రమించే నాటికి దాని స్థానంలోకి మరొక విద్య వచ్చి చేరింది. దాని మూలాలు 1960ల నాటివి. వర్ణక్రమ దోషాల్లో 80 శాతానికి పైగా నాలుగు రకాల్లో ఒకదానికి చెందుతాయని ఫ్రెడెరిక్ డామెరౌ 1964లో చూపాడు. అవి ఒక అక్షరం అదనంగా చేరడం, ఒక అక్షరం లోపించడం, ఒకదానికి బదులు మరొకటి రావడం, పక్కపక్క అక్షరాలు తారుమారు కావడం. ఆగమ, లోప, ఆదేశ, వర్ణవ్యత్యయాలనే పరిభాషతో పరిచయమున్న తెలుగు పాఠకునికి ఈ వర్గీకరణ కొత్తది కాదు. 1965లో రష్యన్ శాస్త్రజ్ఞుడు వ్లదిమీర్ లెవెన్‌ష్టైన్ రెండు అక్షరమాలికల మధ్య దూరాన్ని ఇటువంటి మార్పుల సంఖ్యతో కొలిచే పద్ధతిని ప్రతిపాదించాడు. 1990లో కెర్నిఘన్, చర్చ్, గేల్ అనే ముగ్గురు పరిశోధకులు ఏ దోషం ఎంత తరచుగా సంభవిస్తుందన్న సంభావ్యతను ఇందుకు జోడించారు.

సెర్చ్ ఇంజన్లు ఈ విద్యకు ఒక అపూర్వమైన వనరును సమకూర్చాయి. అది కోట్లాది పాఠకులు వెతికిన మాటల నమోదు. మీ ఉద్దేశం ఇదా అని అడిగే గూగుల్ సూచనకు ఆధారం నిఘంటువు కాదు, జనబాహుళ్యం. గాయని బ్రిట్నీ స్పియర్స్ పేరును మూడు నెలల కాలంలో వెతికినవారు ఎన్ని విధాలుగా రాశారో గూగుల్ ఒక పట్టికగా ప్రకటించింది. సరైన రూపాన్ని 4,88,941 మంది రాయగా, మొదటి తప్పు రూపాన్ని 40,134 మంది, రెండవదాన్ని 36,315 మంది రాశారు. ఇద్దరికి తక్కువ కాని వారు రాసిన రూపాలే వందల సంఖ్యలో ఉన్నాయి. ఇన్ని రూపాలను ఏ పుట కర్త ఊహించి మెటా ట్యాగులో చేర్చగలడు? 2004లో కుకెర్జాన్, బ్రిల్ ప్రచురించిన పరిశోధన, వెబ్ అన్వేషణల్లో సుమారు 10 నుండి 15 శాతం వరకు దోషాలుంటాయని చెప్పి, పాఠకుల సమష్టి జ్ఞానమే దిద్దుబాటుకు ఆధారం కాగలదని నిరూపించింది.

ఇక్కడ జరిగిన మార్పు కేవలం సాంకేతికమైనది కాదు. ఏది దోషమో నిర్ణయించే అధికారం చేతులు మారింది. నిఘంటువులో అది పండితునిది. మెటా ట్యాగులో అది రచయితది. కొత్త పద్ధతిలో అది ఎక్కువమంది రాసిన రూపానిది, ఆ లెక్కలను తన వద్ద ఉంచుకొన్న సంస్థది. 2011 నుండి గూగుల్ అన్వేషణలను గుప్తీకరించడం మొదలుపెట్టింది. 2013 నాటికి ఆ గుప్తీకరణ దాదాపు అన్ని అన్వేషణలకూ విస్తరించింది. పాఠకుని గోప్యతకు అది మేలు చేసింది. అయితే పాఠకులు ఏ రూపంతో వెతికి తన పుటకు వచ్చారో తెలుసుకొనే దారి పుట కర్తకు చాలావరకు మూసుకుపోయింది. రూపాంతరాలను సేకరించే పని కూడా రచయిత చేతి నుండి జారిపోయింది.

తెలుగు పాఠం, తెలుగు అన్వేషణ

జనబాహుళ్యాన్ని ప్రమాణంగా తీసుకొనే పద్ధతి ఆంగ్లంలో చక్కగా పనిచేయడానికి కారణం అన్వేషణల సంఖ్య అపారంగా ఉండటం. తెలుగులో పరిస్థితి మూడు కారణాల వల్ల భిన్నం.

మొదటిది సంకేతలిపి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కినా, అది వాడుకలో స్థిరపడటానికి చాలా కాలం పట్టింది. అంతవరకు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి సొంత ఫాంటు సంకేతాలతో వారు నడిచాయి. తెరమీద తెలుగుగా కనిపించే పాఠం యంత్రానికి అర్థంలేని రోమన్ అక్షరాల కుప్ప. అటువంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి పద్మ వంటి ఉపకరణాలు అవసరమయ్యాయి. తెలుగు పాఠం తనంతట తాను వెతుకులాటకు దొరకని ఆ దశలో, పుట విషయాన్ని రోమన్ లిపిలో చెప్పగల మెటా ట్యాగుకు ఆంగ్ల పుటల్లో కంటె ఎక్కువ ప్రయోజనం ఉండేదని భావించవచ్చు.

రెండవది అక్షర స్వరూపం. యూనికోడ్‌లో స్త్రీ అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాల సమాహారం. డామెరౌ, లెవెన్‌ష్టైన్ కొలతలు సంకేతాలను లెక్కిస్తాయి, అక్షరాలను కాదు. గుఱ్ఱము, గుర్రము అనేవి ఒకే పదానికి రెండు కాలాల వర్ణక్రమాలు. వాటి మధ్య యంత్రం లెక్కించే దూరం రెండు. అర్థము, అర్ధము అనేవి రెండు వేర్వేరు పదాలు. వాటి మధ్య దూరం ఒకటి. అంటే యంత్రం దృష్టిలో భిన్నపదాలు దగ్గరివి, అభిన్నపదాలు దూరమైనవి. థకార ధకారాలను తరచుగా తారుమారు చేసే వాడుక ఎక్కువగా ఉన్నందువల్ల, జనబాహుళ్యాన్ని ఆశ్రయించినా ఈ చిక్కు తీరదు. అరసున్న ఉన్న రూపం, లేని రూపం, ఋణము, రుణం, పుస్తకము, పుస్తకం, సాఫ్ట్‌వేర్ వంటి అన్యదేశ్యాల్లో పొల్లు తరువాత చేర్చే కనిపించని సంకేతం ఉండటం, లేకపోవడం – ఇవన్నీ ఈ కోవలోనివే. వీటిలో కొన్ని దోషాలు, కొన్ని రూపాంతరాలు, కొన్ని చారిత్రక దశలు. మూడింటినీ దోషం అనే ఒకే పేరుతో దిద్దే యంత్రం, ప్రాచీన పాఠాన్ని వెతికే పరిశోధకుని మాటను ఆధునిక రూపానికి మార్చి, అతనికి కావలసినది తప్ప తక్కినదంతా చూపే ప్రమాదం ఉంది.

మూడవది లిప్యంతరీకరణ. తెలుగువారు తెలుగును రోమన్ లిపిలో వెతకడం సర్వసాధారణం. 1990ల ఆరంభంలో రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతి యూజ్‌నెట్ కాలపు తెలుగువారికి ఒక క్రమాన్ని ఇచ్చినా, సామాన్య వాడుకలో ఏ క్రమమూ నిలవలేదు. ఈ సమస్య కొత్తది కూడా కాదు. 1814లో విలియం కేరీ రాసిన వ్యాకరణం పేరులో ఈ భాష తెలింగాన. 1816లో ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం పేరులో తెలూగూ అని చదవదగిన ఓకారయుగ్మ రూపం. 1817లో విలియం బ్రౌను వ్యాకరణం పేరులో జెంటూ. 1840లో సి.పి. బ్రౌను వ్యాకరణానికి గాని నేటి తెలుగు రూపం లేదు. తెలుగు వ్యాకరణాలను నేటి రోమన్ వర్ణక్రమంతో మాత్రమే వెతికే పరిశోధకునికి మొదటి మూడు గ్రంథాలూ కనిపించకపోవచ్చు.

ఈ మూడు చిక్కులూ ఒక్కచోట చేరిన సందర్భం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. పది లక్షల పుస్తకాల ప్రణాళికలో భాగంగా 2000ల మొదటి దశకంలో వేలాది తెలుగు గ్రంథాలు స్కాను అయి, తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా చేరాయి. అనేక గ్రంథాల పేర్లను నిర్దిష్టమైన క్రమం లేకుండా రోమన్ లిపిలో నమోదు చేశారు. శృంగారనైషధము అనే పేరును ఉదాహరణగా తీసుకోవచ్చు. శకారానికి రెండు, ఋకారానికి మూడు, గా అనే దీర్ఘానికి రెండు, షకారానికి రెండు, ధకారానికి రెండు, పదాంతానికి రెండు చొప్పున రోమన్ రూపాలు వాడుకలో ఉన్నాయనుకొంటే, ఆ ఒక్క పేరును 96 విధాలుగా రాయవచ్చు. బొమ్మలుగా ఉన్న పుటల్లోని పాఠాన్ని యంత్రం చదవలేకపోతే, ఆ గ్రంథానికి బయటి లోకంతో ఉన్న సంబంధం ఆ పేరు ఒక్కటే. అక్కడ ఒక అక్షరం మారితే, స్కాను అయిన పుస్తకం కూడా అలభ్య గ్రంథంతో సమానమే. బ్రిట్నీ స్పియర్స్ పేరును వెతికినవారు లక్షల్లో ఉన్నందువల్ల వారి తప్పులే వారికి దారి చూపాయి. శ్రీనాథుని కావ్యాన్ని వెతికేవారి సంఖ్య అటువంటి లెక్కలకు చాలదు.

ఈ లోటును కొంతవరకు పూరించిన సంప్రదాయం తెలుగు వికీపీడియాలో కనిపిస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వంలో దారిమార్పు అనే ఏర్పాటు ఉంది. ఒక వ్యాసానికి గల ఇతర పేర్లు, రూపాంతరాలు, తరచుగా వచ్చే తప్పు రూపాలు ఒక్కొక్కటి ఒక పుటగా ఉండి, పాఠకుని అసలు వ్యాసానికి చేరుస్తాయి. రాజమండ్రి అని వెతికినవారిని రాజమహేంద్రవరానికి చేర్చే పద్ధతి ఇది. ఉద్దేశంలో ఇది మెటా ట్యాగుకు వారసురాలే. అయితే మెటా ట్యాగులో రూపాంతరాలు దాగి ఉంటాయి. దారిమార్పులో బహిరంగంగా ఉంటాయి. ఎవరైనా చూడవచ్చు, ఆక్షేపించవచ్చు, తొలగించవచ్చు. దాపరికం లేని చోట మోసానికి అవకాశం తగ్గుతుంది. నిఘంటువులోని చూడు అనే సూచనకు ఇదే అసలైన కొనసాగింపు.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలే విషయాలు ఇవి. కీవర్డ్ మెటా ట్యాగు విఫలమైంది దాని సూత్రం తప్పయినందువల్ల కాదు. పాఠకుని పొరపాటును రచయిత ముందే ఊహించి మన్నించాలన్న సూత్రం ద్విరూపకోశాల నాటి నుండి నిలిచి ఉన్నదే. ఆ సూచనను పరీక్షించే వ్యవస్థ లేకపోవడం, రాసేవారికి స్వార్థం ఉండటం దాని వైఫల్యానికి కారణాలు. ఈ రెండు కారణాలూ లేని చోట, అంటే గ్రంథాలయ సూచికల్లో, పరిశోధన పత్రికల్లో, డిజిటల్ భాండారాల్లో, ఆ సూత్రం చెల్లుబాటు కోల్పోలేదు. గూగుల్ స్కాలర్ నేటికీ పరిశోధన వ్యాసాల శీర్షికను, రచయిత పేరును, ప్రచురణ తేదీని మెటా ట్యాగుల నుండే స్వీకరించడం ఇందుకు తార్కాణం.

జనబాహుళ్యం మీద ఆధారపడే దిద్దుబాటు పెద్ద భాషల్లోని ప్రసిద్ధ విషయాలకు సరిపోతుంది. అల్పసంఖ్యాకులు వెతికే ప్రాచీన గ్రంథాలకు, చారిత్రక వర్ణక్రమాలకు, నామాంతరాలకు అది చాలదు. తెలుగు గ్రంథాల డిజిటల్ సూచికల్లో ప్రతి గ్రంథానికీ తెలుగు లిపిలో శీర్షిక, ఒక నిర్దిష్ట పద్ధతిలో రోమన్ రూపం, ముద్రిత ప్రతి మీది పాత వర్ణక్రమం, వాడుకలో ఉన్న ఇతర రూపాలు నమోదు కావాలి. వాటిలో ఏది దోషమో, ఏది రూపాంతరమో, ఏది పూర్వరూపమో విడదీసి చెప్పాలి. ఈ విభజన చేయగల పాండిత్యం తెలుగు శాఖల్లోనే ఉంది. శకటరేఫను గుర్తుపట్టగలవారు ఆ పనికి పూనుకోకపోతే, గుఱ్ఱమును తప్పుగా లెక్కించే యంత్రానికే ఆ నిర్ణయం మిగిలిపోతుంది.